నీలి కాగితం మీద బంగారు అక్షరాలు

ఫిబ్రవరి 14 వేరే ఊళ్ళకు ఒక రోజు. మా హోసూరు పక్కన అది ఒక సీజను. డిసెంబరులో గులాబీ కొమ్మలు కత్తిరించడంతో మొదలై, ఫిబ్రవరి రెండో వారంలో చివరి పెట్టె బండి ఎక్కడంతో ముగుస్తుంది. పాలీహౌసుల్లో పూసే తాజ్ మహల్ అనే ఎర్ర గులాబీ ఇక్కడి నుంచి బెంగళూరు విమానాశ్రయానికి, అక్కడి నుంచి వేరే దేశాలకు పోతుంది. మా తరగతిలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు ఆ పనికి పోతారు. కాడ పొడుగు చూసి వేరు చేయడం, ఇరవై పూలకు ఒక కట్ట కట్టడం, మొగ్గ నలగకుండా అట్ట చుట్టడం, అంతా చేతిపనే.

ఇంత పని ఏ పండుగ కోసం అని ఇంట్లో అడిగితే వచ్చే జవాబు ఒకటే: "అదేదో వాళ్ళ పండుగలే!" ఆ "వాళ్ళు" ఎవరు, ఆ పండుగ ఎట్లా పుట్టింది, పూలు లేనప్పుడు వాళ్ళు ఏం ఇచ్చుకునేవాళ్ళు అని తెలుసుకోవాలనిపించింది. చరిత్ర టీచరమ్మను అడిగి, పుస్తకాలు వెతికి ఈ వ్యాసం రాశాను. చదివేకొద్దీ నాకు తేలింది ఏమంటే, ఈ పండుగ మొదట కవిత్వంలో పుట్టింది. ఆ తరువాత ఉత్తరంలోకి వచ్చింది. ఉత్తరం తరువాత చేత్తో చేసిన కార్డు వచ్చింది. అంగడి సరుకు వచ్చింది అన్నిటికన్నా చివర.

పక్షులు కూర్చున్న సభ

వాలెంటైన్ అనేది ఒక క్రైస్తవ పునీతుని పేరు. నిజానికి ఆ పేరుతో పూర్వం ఒకరికన్నా ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళ జీవితాల గురించి గట్టి ఆధారాలు చాలా తక్కువ. అందుకే 1969లో రోమన్ కాథలిక్ సభ తన సాధారణ పంచాంగంలో నుంచి ఆయన పండుగను తీసేసింది. పునీతుల జాబితాలో పేరు మాత్రం ఉంది. జైలరు కూతురికి ఆయన ఉత్తరం రాశాడనీ, కింద తన పేరు పెట్టాడనీ ఒక కథ చెబుతారు. అది చాలాకాలం తరువాత అల్లిన కథ.

మరి ప్రేమకూ ఈ తేదీకీ లంకె వేసింది ఎవరు? మనకు దొరికే పాత ఆధారాలలో ముఖ్యమైనది జెఫ్రీ ఛాసర్ అనే ఇంగ్లీషు కవి రాసిన ఒక కావ్యం. పేరు "పార్లమెంట్ ఆఫ్ ఫౌల్స్", అంటే పక్షుల సభ. 14వ శతాబ్దం చివర్లో రాశాడు. దాదాపు 700 పంక్తులు. ఛాసర్ రాజుగారి కొలువులో ఉన్నవాడు, లండన్ రేవులో ఉన్ని మీద సుంకాలు చూసే ఉద్యోగం కూడా చేశాడు. పగలు లెక్కలు, రాత్రి కవిత్వం అన్నమాట.

ఆ కావ్యంలో వాలెంటైన్ పునీతుని రోజున పక్షులన్నీ ప్రకృతి దేవత ముందు కూడి జతను ఎంచుకుంటాయి. ఒక ఆడ గద్ద కోసం మూడు మగ గద్దలు పోటీ పడతాయి. ఒక్కొక్కటీ లేచి తన ప్రేమ ఎంత గొప్పదో చెబుతుంది. మిగతా పక్షులకు ఆకలేస్తుంది, విసుగొస్తుంది, తొందరగా తేల్చండని అరుస్తాయి. మన ఊళ్ళో పంచాయతీ సాగదీస్తే వెనక కూర్చున్నవాళ్ళు గొణుగుతారే, అట్లాగే. చివరకు ప్రకృతి దేవత, నిర్ణయం ఆడ గద్దదే అంటుంది. ఆ గద్ద ఏమడిగిందో తెలుసా? ఆలోచించుకోవడానికి ఒక ఏడాది గడువు. దేవత సరే అంటుంది.

నాకు ఈ భాగం చాలా నచ్చింది. ఆరువందల ఏళ్ళ పైబడిన ప్రేమ కావ్యంలో ఒక ఆడపక్షి "ఇప్పుడే చెప్పలేను" అని అడగగలిగింది. అడిగితే ఎవరూ తప్పు పట్టలేదు.

తరువాతి తరంలో ఫ్రాన్స్ రాజకుటుంబానికి చెందిన షార్ల్ అనే ఓర్లియాన్ ప్రభువు 1415లో అజిన్‌కూర్ యుద్ధంలో పట్టుబడి ఇంగ్లండులో 25 ఏళ్ళు బందీగా ఉన్నాడు. 1440లో విడుదలయ్యాడు. ఆ బందీ కాలంలో ఆయన రాసిన కవితల్లో ఈ రోజు గురించినవి కూడా ఉన్నాయి. ఇక్కడిదాకా ఈ పండుగ రాజులది, ప్రభువులది, కవులది.

కట్నం మాట ఉన్న ప్రేమలేఖ

మామూలు ఇంటి గడప తొక్కింది ఉత్తరం ద్వారా. ఇంగ్లండులో నార్ఫోక్ అనే ప్రాంతంలో పాస్టన్ అనే కుటుంబం ఉండేది. ఆ కుటుంబం వాళ్ళ 15వ శతాబ్దపు ఉత్తరాలు కట్టలు కట్టలుగా మిగిలాయి. అందులో 1477 ఫిబ్రవరిలో మార్జరీ బ్రూస్ అనే అమ్మాయి జాన్ పాస్టన్ అనే అతనికి రాసిన ఉత్తరం ఒకటి ఉంది. అతన్ని తన వాలెంటైన్ అని పిలిచింది. ఇంగ్లీషు భాషలో ఇప్పటిదాకా మిగిలిన వాలెంటైన్ ఉత్తరాలలో ఇదే పాతదని చెబుతారు. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ ఉత్తరంలో ప్రేమ ఉంది, మధ్యమధ్య ప్రాస కలిసిన పంక్తులు ఉన్నాయి, వాటితోపాటు కట్నం ఉంది! అవును, కట్నమే. జాన్ తరఫువాళ్ళు ఎక్కువ అడుగుతున్నారు. మార్జరీ తండ్రి ఇంక ఇవ్వనంటున్నాడు. అమ్మ ఎంత బతిమాలినా నాన్న కదలడం లేదు. అతని కబురు వచ్చేదాకా తన మనసూ ఒళ్ళూ బాగుండవని మార్జరీ చెప్పుకుంది. నన్ను నిజంగా ప్రేమిస్తే ఈ డబ్బు కోసం వదిలిపెట్టవని నమ్ముతున్నానంది. వెంటనే రాసిన రెండో ఉత్తరంలో ఇంకా సూటిగా లెక్క చెప్పింది. నాన్న ఇచ్చేది 100 పౌన్లు, 50 మార్కులు, అంతకు మించి రాదు. దీనితో, నాతో తృప్తిపడితే లోకంలో నాకన్నా సంతోషంగా ఉండే పిల్ల ఉండదు. కాదంటే మళ్ళీ ఈ పని మీద రావడానికి శ్రమపడవద్దు, ఇంతటితో వదిలేయి అని ఆమె చెప్పిన మాటల సారాంశం.

ఇది చదివినప్పుడు 1477 అనిపించలేదు నాకు. మన వీధిలో జరిగే మాటలాగే ఉంది. తరాజులో ఒకపక్క మనిషి, ఇంకోపక్క డబ్బు. ఆ పిల్ల ఏడుస్తూ కూర్చోలేదు. అంకె చెప్పింది, తన మనసు చెప్పింది, నిర్ణయం అతనికి వదిలింది. అదే ఏడాది వాళ్ళ పెళ్ళి జరిగింది.

ఇంకో చిన్న సంగతి. ఆ ఉత్తరం మార్జరీ చేతిరాత కాదు. గుమాస్తా ఒకడు, ఆమె చెబుతుంటే రాశాడు. ఆ కాలంలో చాలామంది ఆడవాళ్ళు అట్లాగే రాయించేవాళ్ళు. అంటే చెయ్యి వేరేవాళ్ళది, మాట మాత్రం తనది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుకు పోయాక దీనికి తలకిందులైన సంగతి ఒకటి వస్తుంది. ఈ ఉత్తరం నువ్వు తప్ప భూమ్మీద ఇంకెవరూ చూడకూడదని కూడా మార్జరీ కోరింది. పాపం, ఇప్పుడు ప్రపంచమంతా చూస్తున్నది!

ఒక పిల్లవాడు చేసిన కార్డు

మరో 190 ఏళ్ళకు లండన్‌లో శామ్యూల్ పెపిస్ అనే నౌకాదళ కార్యాలయపు అధికారి ఉండేవాడు. 1660 నుంచి 1669 దాకా రోజూ డైరీ రాశాడు. లండన్ ప్లేగు, లండన్ అగ్నిప్రమాదం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ డైరీ వల్లే. అప్పటి వాడుక ప్రకారం వాలెంటైన్ అంటే ప్రేమికుడే కానక్కరలేదు. చీట్లు తీసేవాళ్ళు, లేకపోతే పొద్దున్నే మొదట కనబడినవాళ్ళు వాలెంటైన్. పెళ్ళైనవాళ్ళు, పిల్లలు, ఇరుగుపొరుగు, అందరూ ఆటలో ఉండేవాళ్ళు. వాలెంటైన్ అయినవాడు చేతి తొడుగులో, ఇంకేదో కానుక ఇవ్వాలి. ఖర్చుతో కూడిన పని.

1667 ఫిబ్రవరి 14న పెపిస్ రాసిన సంగతి నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఇష్టం. ఆ రోజు పొద్దున విల్ మెర్సర్ అనే చిన్న పిల్లవాడు పెపిస్ భార్య దగ్గరకు వచ్చాడు. నీలి కాగితం మీద బంగారు అక్షరాలతో ఆమె పేరు రాసి తెచ్చాడు. తనే స్వయంగా చేశాడు. అది భార్యాభర్తలిద్దరికీ నచ్చింది. ఆ ఏడాది పెపిస్ కూడా తన భార్యకు వాలెంటైనే. అందుకు తనకు 5 పౌన్లు ఖర్చవుతుందని, ఎట్లాగూ పెట్టాల్సిన ఖర్చేనని అదే రోజు లెక్క రాసుకున్నాడు.

5 పౌన్ల కానుక ఏమయిందో ఎవరికీ పట్టదు. పిల్లవాడి నీలి కాగితం మాత్రం మూడున్నర శతాబ్దాల తరువాత తమిళనాడులో ఒక తెలుగు బడిపిల్ల వ్యాసానికి పేరయింది. కాగితం, రంగు, ఒక పేరు. అంతకన్నా అతను పెట్టింది ఏమీ లేదు, ఒక పూట శ్రద్ధ తప్ప.

మడతల సంచి, అద్దె కవిత్వం

18వ శతాబ్దంలో చేత్తో చేసే కార్డులు రకరకాలుగా పెరిగాయి. కత్తెరతో కాగితాన్ని జల్లెడలాగా కత్తిరించేవాళ్ళు. సూదితో గుచ్చి బొమ్మ తేల్చేవాళ్ళు. పేరులోని ఒక్కో అక్షరంతో ఒక్కో పంక్తి మొదలయ్యేట్టు పద్యం కట్టేవాళ్ళు. అన్నిటిలోకీ తమాషా అయినది మడతల సంచి. చదరపు కాగితాన్ని నిలువుగా మూడు, అడ్డంగా మూడు భాగాలుగా మడిస్తే తొమ్మిది గళ్ళు వస్తాయి. మూలలు పట్టి గాలిపంకాలాగా తిప్పి మడిస్తే చిన్న చదరం అవుతుంది. ఒక్కో మడత విప్పేకొద్దీ ఒక్కో పంక్తి కనబడుతుంది. నడిమి గడిలో అసలు మాట ఉంటుంది. తొందరపడితే మాట దొరకదు, వరస ప్రకారం విప్పాలి.

అందరికీ పద్యం కట్టడం రాదు కదా. అందుకని 1797లో లండన్‌లో "ది యంగ్ మ్యాన్స్ వాలెంటైన్ రైటర్" అనే పుస్తకం వచ్చింది. అటువంటివి ఇంకా చాలా వచ్చాయి. పద్యాలు సిద్ధంగా ఉంటాయి, మనకు కావలసింది చూసి రాసుకోవడమే. మార్జరీ దగ్గర చెయ్యి ఇంకొకరిది, మాట తనది. ఇక్కడ చెయ్యి మనది, మాట అద్దెకు తెచ్చుకున్నది. నేను చెప్పిన తలకిందులు ఇదే. పరీక్షకు గైడు ఉన్నట్టు ప్రేమకూ గైడు వచ్చేసింది!

ఒక పెన్నీ, ఒక అర్ధణా

ఇంత చేసినా ఉత్తరం పంపడం అప్పట్లో బీదవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. బ్రిటన్‌లో తపాలా ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల లెక్కను బట్టి ఉండేది. రెండు కాగితాలైతే రెట్టింపు. కవరు కూడా ఒక కాగితం కిందే లెక్క. అందుకే ఉత్తరాన్నే మడిచి, దాని మీదే చిరునామా రాసి, లక్క ముద్ర వేసేవాళ్ళు. పైగా మామూలుగా డబ్బు కట్టేది ఉత్తరం అందుకున్నవాళ్ళు.

రోలండ్ హిల్ అనే ఆయన దీన్ని మార్చాలని వాదించాడు. 1840 జనవరి 10 నుంచి దేశంలో ఎంత దూరమైనా అర ఔన్సు ఉత్తరానికి ఒక పెన్నీ. అదే ఏడాది మే నెలలో ప్రపంచంలో మొదటి అంటించే తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్ వచ్చింది. బరువు లెక్క వచ్చింది కాబట్టి కవరు వాడవచ్చు. కవరు వచ్చింది కాబట్టి లోపల లేసు కాగితం, రిబ్బను, ఎండిన పువ్వు నలగకుండా పోతాయి. పంపేది ఎవరో తెలియకుండా కూడా పంపవచ్చు. వాలెంటైన్ కార్డు ఒక్కసారిగా ఇంటింటి సరుకైంది ఈ మార్పు వల్లే. చట్టంలో ఒక చిన్న అంకె మారితే మనుషుల మధ్య మాట ఎట్లా పెరుగుతుందో దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

మన దేశానికి ఆ పద్ధతి 1854లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పావు తులం బరువుండే ఉత్తరానికి దేశంలో ఎంత దూరమైనా అర్ధణా. మన ముత్తాతల కాలపు పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, కొడుకు పట్నం నుంచి రాసిన క్షేమ సమాచారాలు అన్నీ ఆ దారినే నడిచాయి.

మూడో అంతస్తులో ఎస్తర్ గది

ఇప్పుడు అమెరికాకు పోదాం. మసాచుసెట్స్ రాష్ట్రంలో వూస్టర్ అనే ఊరు. ఎస్తర్ హౌలాండ్ 1828లో అక్కడ పుట్టింది. తండ్రికి పుస్తకాలు, కాగితాలు అమ్మే వ్యాపారం. 1847లో మౌంట్ హోలియోక్ అనే ఆడపిల్లల విద్యాలయంలో చదువు ముగించి ఇంటికొచ్చింది. తండ్రి వ్యాపారానికి తెలిసినవాళ్ళు ఒకరు ఇంగ్లండు నుంచి తెప్పించిన అందమైన వాలెంటైన్ కార్డు ఆమెకు ఇచ్చారు. ఆమె దాన్ని అన్ని వైపులా తిప్పి చూసి, ఇది నేనూ చేయగలను అనుకుంది.

ఇంగ్లండు నుంచి లేసు కాగితం తెప్పించుకుంది. లేసు కాగితం అంటే, అచ్చుతో కాగితం మీద ఉబ్బెత్తు నమూనా తేల్చి, ఆ ఉబ్బిన చోట ఆకురాయితో అరగదీస్తే సన్న చిల్లులు పడతాయి, బట్ట లేసులాగా కనబడుతుంది. ఎస్తర్ డజను దాకా నమూనాలు చేసి ఇచ్చింది. తండ్రి సరుకు అమ్మడానికి ఊళ్ళు తిరిగే అన్నదమ్ముడు వాటిని పట్టుకుపోయాడు. 200 డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంది. అతను 5,000 డాలర్లకు పైగా ఆర్డర్లతో వచ్చాడని చెబుతారు.

ఒక్కతే చేయగలిగే పనా అది? స్నేహితురాళ్ళను పిలిచింది. ఇంటి మూడో అంతస్తులో పొడుగాటి బల్ల వేసి వరసగా కూర్చోబెట్టింది. ఒకరు బొమ్మలు కత్తిరిస్తారు, ఒకరు అడుగు కాగితం సిద్ధం చేస్తారు, ఒకరు లేసు అంటిస్తారు, అట్లా చేతులు మారుతూ పోతుంది. కార్ల కార్ఖానాలు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే వరస పని పద్ధతి ఒక ఇంటి గదిలో నడిచింది. పనివాళ్ళందరూ ఆడవాళ్ళే, యజమానీ ఆడమనిషే. ఇంట్లో నుంచి కదలలేనివాళ్ళకు సరంజామా పెట్టెల్లో పెట్టి పంపేది, వారం తరువాత బండివాడు పోయి తయారైన కార్డులు తెచ్చేవాడు.

ఆమె చేసిన చిన్న చిన్న మెలకువలు మనమూ చేసుకోవచ్చు. తెల్ల లేసు కింద చిన్న రంగు కాగితం ముక్క పెట్టేది, అప్పుడు లేసులోని నమూనా స్పష్టంగా కనిపిస్తుంది. సన్న కాగితం పట్టీని ముందుకూ వెనక్కూ మడిచి స్ప్రింగులాగా చేసి బొమ్మ కింద అంటించేది, బొమ్మ పైకి లేచి నిలబడుతుంది. పద్యాన్ని పైన వేయకుండా లోపల పెట్టేది, తెరిచినవాళ్ళే చదువుకోవాలి. వెనకవైపు ఎర్రగా చిన్న "హెచ్" అక్షరం గుర్తు.

1879లో ఆమె సంస్థ ఒక పద్యాల పుస్తకం వేసింది. అందులో 131 పద్యాలు. కార్డు నచ్చి, లోపలి పద్యం నచ్చకపోతే, ఈ పుస్తకంలో ఇంకోటి ఎంచుకుని అంటించుకోవచ్చు. ఆమెకు వ్యాపారం ఎంత బాగా తెలుసో చూడండి. మనుషులకు బొమ్మ ఎవరిదైనా ఫరవాలేదు, మాట మాత్రం తమకు తగ్గట్టు ఉండాలి. 1881లో జబ్బుపడిన తండ్రిని చూసుకోవడానికి ఎస్తర్ వ్యాపారాన్ని అదే ఊరి జార్జ్ విట్నీకి అమ్మేసింది. 1904లో చనిపోయింది. విట్నీ సంస్థ యంత్రాలతో పెద్ద ఎత్తున కార్డులు చేసి, రెండో ప్రపంచయుద్ధంలో కాగితం కరువు వచ్చినప్పుడు 1942లో మూతపడింది.

ఎస్తర్ చదువు ముగించిన ఏడాదే అదే విద్యాలయంలో ఎమిలీ డికిన్సన్ చేరింది. తరువాత అమెరికాలో గొప్ప కవయిత్రిగా పేరొచ్చిన ఆమెకు అచ్చులో వచ్చిన మొదటి కవిత ఏది? ఒక వాలెంటైన్ కవితే. 1852 ఫిబ్రవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి పత్రికలో పేరు లేకుండా వచ్చింది. ఒకే బడి మెట్లు ఎక్కిన ఇద్దరు అమ్మాయిల్లో ఒకరు కార్డు చేశారు, ఒకరు మాట చేశారు.

చేదు కార్డులు

ఈ చరిత్రలో తీపి మాత్రమే ఉందంటే అబద్ధమవుతుంది. 19వ శతాబ్దంలో చవక కాగితం మీద వెక్కిరింపు బొమ్మలతో వాలెంటైన్‌లు అమ్మేవాళ్ళు. వెనిగర్ వాలెంటైన్ అని పేరు. పెళ్ళికాని పెద్దవయసు ఆడవాళ్ళను, లావుగా ఉన్నవాళ్ళను, చిన్న ఉద్యోగాలవాళ్ళను ఎగతాళి చేసే బొమ్మ, కింద పుల్లవిరుపు పద్యం. పంపినవాడి పేరు ఉండదు. అందుకున్నవాళ్ళు ఎవరని అనుమానించాలి? ఎదురింటివాళ్ళనా, పక్క బెంచీవాళ్ళనా?

ఇప్పుడు మన ఫోన్లలో పేరు లేకుండా వచ్చే వెక్కిరింపులు ఆ కార్డుల మనవళ్ళే. పేరు పెట్టి రాయలేని మాట రాయకూడదు అని నాకు అనిపిస్తుంది. విల్ మెర్సర్ కాగితం తీసుకుని తానే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు కదా.

మనకేం పని?

మన పెద్దవాళ్ళలో కొందరికి ఈ రోజంటే నచ్చదు. "మన సంస్కృతి కాదు" అంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఆడపిల్లల వెంటపడి విసిగించడానికి కొందరు ఈ రోజును సాకుగా వాడుకుంటారు, అది తప్పే. అటువంటివాళ్ళకు ఛాసర్ కథలోని ఆడ గద్దను చూపించాలి. ఎంచుకునే హక్కు ఆమెది, గడువు అడిగే హక్కు ఆమెది. అయితే చరిత్ర మొత్తం చూస్తే ఇది కుర్రకారు ప్రేమకే పరిమితమైన రోజు కాదు. పెపిస్ కాలంలో ఇరుగుపొరుగు ఆట. ఫిన్లాండులో ఈనాటికీ దీన్ని స్నేహితుల రోజు అని పిలుస్తారు. మన అమ్మలు చదువుకునే రోజుల్లో జనవరి 1కి డ్రాయింగు కాగితం మీద గ్రీటింగ్ కార్డులు గీసి ఇచ్చుకోలేదా? స్కెచ్ పెన్నులు, చెమ్కీలు, మైదా జిగురు. అదీ ఇదే పనే.

మా టీచరమ్మ ఒక పని పెట్టారు. తరగతిలో ప్రతి ఒక్కరూ మడతల సంచి చేసి, తమ ఇంట్లో పనికి పోయే ఒక మనిషికి ఇవ్వాలి. షరతు ఒకటే: లోపలి మాట తెలుగులో ఉండాలి, సొంతంగా ఉండాలి. మొదట్లో అందరూ నవ్వారు. తరువాత కూర్చుంటే కష్టం తెలిసింది. పేరులోని అక్షరాలతో పంక్తులు కడదామంటే "ణ", "ళ"లతో తెలుగులో మాట మొదలు కాదు. అప్పుడు ఆ అక్షరాన్ని పంక్తి నడుమ ఎర్ర రంగుతో రాసి చూపించాలి. కొందరికి మాట ఇంట్లో వచ్చినంత సులువుగా కాగితం మీద రాలేదు. ఇక్కడ బస్సు బోర్డు తమిళం, అంగడి కార్డు ఇంగ్లీషు. అమ్మతో మాట్లాడే భాషను అమ్మకు రాసి ఇవ్వడం మాలో చాలామందికి అదే మొదటిసారి.

నేను అమ్మకు రాసింది రెండే పంక్తులు:

ఊరూరికి పూలు పంపే అమ్మకు
ఉత్త కాగితమే తెచ్చాను.

అమ్మ దాన్ని విప్పింది, మళ్ళీ మడిచింది, మళ్ళీ విప్పింది. "చక్కగుంది" అనింది. రేషను కార్డు పెట్టుకునే సంచిలో దాచింది.

అంగడిలో కార్డు కొనడం తప్పని నేను అనడం లేదు. ఎస్తర్ కార్డులు కొన్నవాళ్ళూ ప్రేమతోనే కొన్నారు, గులాబీలు కొనేవాళ్ళు లేకపోతే మా ఊళ్ళో పొయ్యి వెలగదు. నేను చెప్పేది ఇంతే. కొన్న కార్డులో అయినా ఒక్క పంక్తి మనది ఉండాలి, కింద మన పేరు ఉండాలి. మార్జరీ చెయ్యి అరువు తెచ్చుకుంది కానీ మాట అరువు తెచ్చుకోలేదు. మనకు చెయ్యి ఉంది, బడి నేర్పిన 56 అక్షరాలు ఉన్నాయి. అరువుతో మనకేం పని?